చూపు అరిగిన అద్దాలు

మా అత్తగారింట్లో చెప్పుకోదగ్గ బంగారం లేదు, వెండి లేదు. ఉన్నదల్లా ఒక కళ్ళజోడు. కళ్ళజోడు అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పట్లో మా సాలెవాడలో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. అద్దాలు అనేవాళ్ళు. ముఖం చూసుకునేదీ అద్దమే, కళ్ళకు పెట్టుకునేదీ అద్దమే. "అద్దం తేపో" అంటే ఏ అద్దమో తెలియక నేను కొత్తలో రెండూ పట్టుకుపోయి నిలబడేదాన్ని.

నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్ళకు, కరీంనగర్‌కు పడమటగా ఉన్న ఆ నేతపనివాళ్ళ ఊరికి నేను కోడలిగా వచ్చాను. వచ్చిన మర్నాడే మా అత్త సందుగ తెరిచి, రుమాలులో చుట్టిన ఆ అద్దాలను దూరం నుంచి చూపించింది. ఆ రోజు ముట్టుకోనివ్వలేదు. గుండ్రటి బిళ్ళలు, ఇత్తడి తీగ చట్రం. చెవుల మీదికి పోయే పుల్లల్లో ఒకటి ఎప్పుడో విరిగితే, దాని బదులు నూలు పేని తాడు కట్టారు. ముక్కు ఒరుసుకోకుండా గుడ్డపీలిక చుట్టారు. నేతపని వాళ్ళ ఇంట్లో ఏది విరిగినా వైద్యం నూలుతోనే జరుగుతుంది.

అవి మా మామకు వాళ్ళ బాపు, అంటే వాళ్ళ నాయన, ఇచ్చిపోయినవి. వాళ్ళ బాపుకు ఎవరిచ్చారన్నది మాత్రం వచ్చిన చుట్టాన్ని బట్టి మారేది. మామూలు చుట్టాలొస్తే, భైంసా పత్తి బజారులో ఒక మున్షీ, తనకు నేసిపెట్టిన ధోవతి చూసి మురిసి, కళ్ళ మీది అద్దాలు తీసి చేతిలో పెట్టాడు. కాస్త ఉన్నవాళ్ళొస్తే మున్షీ నవాబు అయ్యేవాడు. ఊళ్ళోకి పోలీసు జమేదారు వచ్చినప్పుడు మాత్రం, బలార్షా వైపు రైలు దారి వేయించిన తెల్లదొర అద్దాలవి. నేను అన్ని కథలూ వంటింట్లోంచి విన్నాను. నవాబు కథే బాగుండేది, ఎందుకంటే అందులో ఒక ఏనుగు కూడా ఉండేది.

దసరా నాడు మగ్గానికి, పోగును మోసే నాడెకు పసుపు కుంకుమ పెట్టి మొక్కేటప్పుడు ఈ అద్దాలకు కూడా మొక్కేవాళ్ళు. మగ్గానికి బొట్టు ఎక్కడ పెట్టినా నష్టం లేదు. అద్దాలకు మాత్రం సరిగ్గా కుడి బిళ్ళ మధ్యలో పెట్టేది మా అత్త. దేవుడికి పెట్టిన బొట్టు తుడవకూడదు, దానంతటదే రాలిపోవాలి. అందుకని దీపావళి దాకా మా మామకు కుడికంట లోకమంతా ఎర్రగా ఉండేది. తెల్లనూలు తెచ్చుకుని, "గిదేంది, షావుకారి రంగు నూలిచ్చిండు" అని తిట్టుకుంటూ కూర్చునేవాడు.

ఇంతకూ ఆ అద్దాల విషయంలో మా మామకు ఒక సిద్ధాంతం ఉండేది. అద్దాల్లో ఇంత అని చూపు పోసి ఉంటుంది, వాడినకొద్దీ అది అరిగిపోతుంది అని. దీపంలో చమురు లాగానన్నమాట. నవ్వకండి, ఆయన దగ్గర రుజువు ఉంది. మొదట్లో ఆ అద్దాలతో నూలుపోగు మీది నూగు కూడా కనపడేదట. కొన్నేళ్ళు పోయాక పోగు మాత్రమే కనపడేది. ఇంకొన్నేళ్ళకు పోగు ఉందన్న అనుమానం మాత్రమే మిగిలింది. అద్దాలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి, మారుతున్నది ఆయన కళ్ళు అని చెప్పేవాళ్ళు ఆ వాడలో ఎవరున్నారు?

తప్పంతా అడిగి తీసుకుపోయేవాళ్ళ మీద పడింది. అంతకుముందు వాడంతటికీ అవే అద్దాలు. కాలిలో ముల్లు దిగితే అవే, మనవరాలి తలలో పేలు చూడాలన్నా అవే. పక్కింటి ముసలమ్మ ఒకసారి వాటిని పెట్టుకుని బియ్యం ఏరిందని తెలిసి మా మామ అన్నం మానేశాడు.

"నా బాపు అద్దాలు! బియ్యంల రాళ్ళు ఏరెతందుకు నా అద్దాల చూపంత అయిపాయె!" అని గోడకు చెప్పాడు. కోడలితో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి నేను వినాల్సిన మాటలన్నీ ఆయన గోడకే చెప్పేవాడు. ఆ రోజు నుంచి సందుగకు తాళం పడింది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఎక్కింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గానీ ముఖం నిండా గుంటలు మిగిలాయి. పెళ్ళీడు వచ్చాక మా ఇంటికి చాలామంది వచ్చారు, చాయ తాగారు, పోయారు. నన్ను కన్న మా అవ్వ ఎవరు వచ్చినా నన్ను చీకటి మూలన కూర్చోబెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేనేమైనా దొంగసొమ్మునా మూలన దాచడానికి? మా అత్త వచ్చిన రోజున నేనే దర్వాజా దగ్గర వెలుతురులో నిలబడ్డాను. చూసి పోతే పోతారు అనుకున్నాను.

మా అత్త వాకిలికి ఆ చివర, గోడకు ఆనుకుని కూర్చుంది. నా దగ్గరికి రాలేదు, గడ్డం పట్టుకుని చూడలేదు. రెండు నూలుపోగులు పంపించి అతకమన్నది. నేను ఎడమచేతి వాటం దాన్ని, నా వేళ్ళు అందరిలా కాకుండా అటువైపు నుంచి మెలేస్తాయి. అతికిన పోగును ఆమె గుంజి చూసింది. తెగలేదు. "పిల్లనియ్యుండ్రి" అంది. అంతే.

పెళ్ళయ్యాక ప్రతి శుక్రవారం తలంటి, తన చేత్తో నా ముఖానికి పసుపు రాసేది. ఇంత దగ్గరగా ముఖం పెట్టి చూసేది. ఒక్కనాడూ నాతో మచ్చల మాట ఎత్తలేదు. పైగా, "మంచిగున్నది మొకం" అనేది. వాడలో ఎవరైనా నా ముఖం గురించి సన్నగా మాట జారితే, "నా కోడలు మొకానికేమైందే? నీ కండ్లకే ఏమో అయింది" అని మీదికి పోయేది. ఆమె నోటికి వాడంతా భయపడేది. అలాంటి నోరు నా ముఖం దగ్గరికి వచ్చేసరికి అంత మెత్తగా ఎట్లా అయ్యేదో నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా, ఆమెను నెత్తిన పెట్టుకున్నాను.

ఆమె చెయ్యి కూడా నోటి లాంటిదే. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగులోని ఒక్కో పోగునూ పాత పోగు కొసకు అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని ఆమె అటు, నేను ఇటు కూర్చునేవాళ్ళం. పొద్దు గుంకే లోపల పడుగంతా అతికేసేది. వాడలో పడుగు అతకడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ మాట వాడ కంటే ఎక్కువగా ఆమే చెప్పేది.

కొన్నేళ్ళు పోయాక బట్టలో గీతలు రావడం మొదలైంది. ఒక పోగుకు అతకాల్సింది పక్క పోగుకు అతికితే, బట్ట పొడుగునా ఒక వంకర గీత పడుతుంది. నూలిచ్చే షావుకారు మొహం చిట్లించి బట్ట తిప్పి పంపేవాడు. పడుగు అతికింది ఇద్దరం. ఒకరేమో వాడకంతటికీ పేరుమోసిన చెయ్యి. రెండోది ఎడమ చెయ్యి. ఇంక తీర్పుకు పంచాయితీ ఎందుకు?

"పరాయి ఇంటి పిల్ల, ఎడమ చెయ్యి, ఏం జేస్తం" అని మా అత్త అరుగు మీద కూర్చుని నిట్టూర్చేది. మామ గోడకు చెప్పేవాడు. మా ఆయన ఏమీ చెప్పేవాడు కాదు, అది ఇంకా మంట. నాకు ముఖం ఎలాగూ లేదు. నన్ను ఆ ఇంటికి తెచ్చింది నా చెయ్యి. ఆ చెయ్యే పనికిరాదంటే ఇంక ఆ ఇంట్లో నాకు మిగిలేదేమిటి? రాత్రి పడుకుంటే అదే దిగులు.

ఒకరోజు నీళ్ళ బిందె దింపి లోపలికి పోతున్నాను. మా అత్త ఒక్కతే పడుగు ముందు కూర్చుని ఉంది. ఆమె పక్కన ఎప్పుడూ ఒక మందు సీసా ఉండేది. గొంతు ఎండుతుంది, మందు తాగుతున్నాను అనేది. ఆ సీసాను పోగుల ముందు అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, సీసాలోంచి పోగుల్ని చూస్తున్నది. నన్ను చూసి గబుక్కున మూత తీసి ఒక గుటక వేసింది.

ఆమె బయటికి పోయాక నేనూ ఆ సీసా పట్టుకుని చూశాను. అందులో మందు లేదు, బావి నీళ్ళు. నీళ్ళ సీసా వెనక నూలుపోగు మోకు అంత లావుగా కనపడింది. అప్పుడర్థమైంది. ఆమెకు దగ్గరివి కనపడటం లేదు. బట్ట మీది గీతలు నావి కావు. నా ఎడమ చెయ్యి నిర్దోషి. ఎగిరి గంతెయ్యబోయి ఆగిపోయాను. పోగు కనపడని మనిషికి శుక్రవారం నా ముఖం ఏం కనపడి ఉంటుంది?

మంచిగున్నది మొకం! ఎందుకుండదు? పాపం, ఆమెకు నా ముఖం మైదాపిండి ముద్దలా నున్నగా కనపడి ఉంటుంది. ఇన్నాళ్ళూ అది ఆమె మంచితనం అనుకున్నాను. ఆమెకు అద్దాలు వస్తే నా చెయ్యికి మాట దక్కుతుంది, కానీ నా ముఖం బయటపడుతుంది. "గీ మొకమా నేను తెచ్చుకున్నది" అని ఆ నోరు ఒక్కసారి అంటే నేను తట్టుకోగలనా? వద్దనుకున్నాను. గీతల నింద మోయడమే నయం అనుకుని సీసా ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఆమె కూడా అద్దాల మాట ఎత్తలేదు. అంగడి రోజున ఒక సాయిబు పెట్టె నిండా అద్దాలు తెచ్చి అమ్మేవాడు. మగవాళ్ళు ఒక్కోటీ పెట్టుకుని, సూదిలో దారం ఎక్కేదాకా మార్చి మార్చి చూసి కొనుక్కునేవాళ్ళు. ఆడవాళ్ళు అటు పోయేవాళ్ళు కాదు. మా వాడలో ఆడది అద్దాలు పెట్టుకోవడమంటే మీసాలు పెట్టుకున్నట్టే.

అట్లాగే గడిచిపోయేదేమో గానీ, ఒక పెళ్ళి చీర మా కొంప ముంచింది. పెద్ద అంచు చీర, షావుకారు ఏరికోరి మా ఇంటికే ఇచ్చాడు. సరిగ్గా నడుమ గీత పడింది. మా అత్త అరుగు మీద నలుగురిని పోగేసుకుని, "గా ఎడమ చెయ్యితోని ఇంతకంటె ఏమైతది? చెయ్యి నరికి పారేసినా పాపం లేదు" అంది.

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనపడదు. ముఖం, చెయ్యి, సంసారం, ఏదీ గుర్తు రాలేదు. లోపలికి పోయి సీసా తెచ్చి, అందరి ముందూ చెయ్యి చాపాను.

"గీ సీసల మందు నాగ్గూడ జర పొయ్యి అత్తా. నాగ్గూడ పోగులు కనవడ్తలెవ్వు" అన్నాను.

పక్కింటి ముసలమ్మ సీసా లాక్కుని అందులోంచి మా అత్తను చూసి, "అవ్వో! నీ కండ్లు బర్రె కండ్ల లెక్క ఉన్నయే" అంది. ఇంకెవరూ ఆగలేకపోయారు. నవ్వి నవ్వి పోయారు. మా అత్త లేచి లోపలికి పోయింది. మర్నాడు పొయ్యి దగ్గరికి వచ్చి, పొయ్యితో అన్నట్టు, "గా కండ్ల దాక్టరు ఎప్పుడస్తడట?" అని అడిగింది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ అయింది. సర్కారు దవాఖానకు సముద్రం వైపు నుంచి కొత్తగా ఒక కళ్ళ డాక్టరు వచ్చిపోతున్నాడు. మర్యాదస్తుడు. ఆయన తెలుగులో సగం మాకు అర్థమయ్యేది కాదు, మా తెలుగులో ముప్పాతిక ఆయనకు అర్థమయ్యేది కాదు. ఒక మంగళవారం అత్తా కోడళ్ళం పోయాం. ఆయన కిటికీలోంచి బయట గోడ మీది కాకిని చూపించి కనపడుతోందా అని అడిగాడు.

"కనవడకేం సారూ? నోట్లె బొక్క వట్టుకున్నది" అంది మా అత్త. నాకు కాకి కనపడింది గానీ దాని నోట్లో ఎముక కనపడలేదు.

తరవాత సూదీ దారం ఇచ్చాడు. ఆమె చెయ్యి సాచి సాచి, ఇంక సాచడానికి చెయ్యి చాలక ఆగిపోయింది. డాక్టరు నవ్వి, "ఏం లేదమ్మా, మీకు చత్వారం" అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే మా అత్త లేచి దండం పెట్టి బయటికి నడిచింది.

"ఏమన్నడత్తా?" అని వెనకాల పరుగెత్తాను.

"శెనారం రమ్మన్నడు. ఇన్నవుగద."

నేనూ అట్లాగే విన్నాను. సోమవారం, మంగళవారం విన్న చెవులకు చత్వారం ఇంకెట్లా వినపడుతుంది? సముద్రం వైపు వాళ్ళు శనివారాన్ని అట్లా అంటారేమో అనుకున్నాం. శనివారం తలస్నానం చేసి మళ్ళీ పోయాం. ఈసారి మా మామ కూడా పాత అద్దాలు రుమాలులో చుట్టుకుని వెంట వచ్చాడు.

డాక్టరు మా అత్తను గుర్తుపట్టి, "మీకు చత్వారమని చెప్పాను కదమ్మా?" అన్నాడు.

"గందుకే గద సారూ, శెనారమే అచ్చిన."

ఆయన కాసేపు మమ్మల్ని చూశాడు. మేము ఆయన్ని చూశాం. చివరికి, చత్వారమంటే వారం కాదనీ, నలభై దాటినవాళ్ళకు దగ్గరివి మసకబారడమనీ, దూరపు చూపుకు ఏమీ కాదనీ విడమర్చి చెప్పాడు. మా అత్త ఒప్పుకోలేదు. నలభై దాటి చాన్నాళ్ళయింది, ఇన్ని దినాలూ అది ఎటు పోయింది అని అడిగింది. ఆయన ఖాళీ చట్రం ఒకటి ఆమె ముక్కు మీద పెట్టి, ఒక్కో బిళ్ళా మార్చుతూ పోయాడు. ఒక బిళ్ళ దగ్గర ఆమె తన అరచెయ్యి చూసుకుని, "గీ గీతలన్ని నాయేనా!" అని కేకేసింది.

తరవాత మా మామ ముందుకు జరిగి రుమాలు విప్పాడు. చాలా వినయంగా, "సారూ, మా బాపు అద్దాలు. చూపు అయిపోయింది. జర నింపియ్యుండ్రి" అన్నాడు.

డాక్టరుకు అర్థం కాలేదు. "ఏం నింపాలండీ?"

"చూపు సారూ. బ్యాటరీ లైటుల సెల్లులు మారుస్తరు గద, గట్ల."

ఆ మర్యాదస్తుడు నవ్వకుండా ఉండటానికి పడ్డ బాధ నేను చూశాను. బిళ్ళలను తుడిచి, వెలుతురుకు పట్టి, ఇవి చాలా మంచి అద్దాలండీ, మీ కళ్ళకు వయసొచ్చింది, వీటికి రాలేదు అన్నాడు. మా మామ బయటికొచ్చి దవాఖాన గోడతో, "నింపుడు రాదని చెప్పొచ్చు గద, నా కండ్లనెందుకనవట్టె" అన్నాడు.

డాక్టరు రాసిచ్చిన ప్రకారం మా ఆయన కరీంనగర్ పోయి మా అత్తకు అద్దాలు చేయించుకుని వచ్చాడు. నల్ల చట్రం, కొత్తవి. అవి ఇంట్లోకి రాగానే నేను వంటింట్లోకి పోయి, ఉడికిన పప్పును మళ్ళీ ఉడకబెట్టడం మొదలుపెట్టాను. సీసా తీసుకుపోయి నలుగురిలో పెట్టినదాన్ని నేనే, ఇప్పుడు పొయ్యి వెనక దాక్కున్నదాన్నీ నేనే.

మా అత్త అద్దాలు పెట్టుకుని ముందుగా పోయింది నా దగ్గరికి కాదు, మగ్గం దగ్గరికి. తిప్పి పంపిన బట్టలు కూడా ముందేసుకుంది. నా అతుకు మెలి ఒకవైపు ఉంటుంది, ఆమె అతుకు మెలి ఇంకోవైపు. కళ్ళున్నవాళ్ళకు ఏది ఎవరిదో తెలిసిపోతుంది. అంతలో అరుగు మీంచి ఆమె గొంతు వినపడింది. నన్ను తిట్టినప్పుడు ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగానూ.

"ఓ వాడకట్టోళ్ళారా! తప్పు అతుకులన్ని నాయే! నా కోడలిది ఒక్కటి లేదు! ఇన్నరా?"

విన్నారు. పక్క వాడ కూడా విని ఉంటుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది పూర్తి కాకుండానే, "పిల్లా, ఇటు రా" అని పిలుపు.

పోయాను. తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. అద్దాల వెనక ఆమె కళ్ళు ఇంత పెద్దవై నా ముఖమంతా తిరిగాయి. ఆమె ముఖం మాడిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. అయిపోయింది అనుకున్నాను.

"గివి వోనేలేదు గదనే!" అంది.

"ఏంటియి అత్తా?"

"మచ్చలే! ఇన్నేండ్లు నా చేతులరగంగ పసువు రాసిన. రాను రాను ఒక్కటి కనవడకపాయె. నా పసువుకు వోయినయని వాడంత చెప్పుకున్న. ఇజ్జతంత వోయె! గా పసువు అమ్మెటోడు దొరకనియ్యి, చెప్త వాని పని!"

"నా మొకం నీకెర్కనేనా?" అన్నాను.

"ఎర్కలేకేం? నిన్ను సూడచ్చిన్నాడు దర్వాజల నిలవడ్డవు. నేను గోడకు కూసున్న. దూరంది నాకు కనవడకనా?"

గోడ మీది కాకి నోట్లో ఎముక చూసిన కళ్ళవి. ఆ మాట నాకు దవాఖానలోనే తట్టి ఉండాల్సింది.

"మరి సూసినంక గూడ ఎందుకు చేసుకున్నవత్తా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బట్ట మొకంతోని నేస్తరానే?" అని, మళ్ళీ మగ్గం వైపు తిరిగి పోగులు చూసుకోసాగింది.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే తలంటి, పసుపు గిన్నె తెచ్చుకుని నా ముందు కూర్చుంది. కొత్త పసుపు, వేరే అంగడిది. కూర్చుని, అద్దాలు తీసి పక్కన పెట్టింది. పెట్టుకోవా అత్తా, మంచిగ కనపడుతుంది గదా అన్నాను.

"గీ పనికి ఎందుకే" అని నా ముఖం దగ్గరగా లాక్కుని పసుపు రాసింది. రాసి, ఎప్పటిలాగే కాస్త వెనక్కి జరిగి చూసింది.

"మంచిగున్నది మొకం" అంది.